చూస్తుంటే బిగుసుకోని మాడ్యూలు

తోడికోడళ్ళిద్దరినీ ఒకే ఆఫీసులో, ఒకే మాడ్యూలు మీద కూర్చోబెట్టడం ఎవరి ఆలోచనో గానీ, ఆ మనిషికి పెళ్ళయి ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున, కెర్నెల్‌లో, మిషనులో గుచ్చిన ఒక కార్డును నడిపించే ప్రోగ్రాము ముక్క అది. అందులో లాకుల పెత్తనం, అంటే ఒకరి చేతిలో ఉంటే రెండోవారు ఆగాల్సిన తాళాల పెత్తనం, పెద్దకోడలిది. మాటిమాటికీ వెళ్ళి కార్డును పలకరించి వచ్చే టైమరు చిన్నకోడలిది.

నడుస్తున్న మాడ్యూలును మెమరీలోంచి దించేటప్పుడు ఒక్కోసారి మిషను మొత్తం బిగుసుకుపోతోంది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. అలిగి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నయం, అన్నం వేళకైనా లేస్తుంది.

"సాయంత్రంలోగా తేల్చండి. తేలకపోతే టైమరు పీకేస్తాం, ఆవిణ్ణి ఇంకో టీముకి పంపేస్తాం," అన్నాడు మేనేజరు. ఇంకో టీమంటే ఊరి అవతల, రాత్రి షిఫ్టు. చంటిపిల్ల తల్లి అయిన చిన్నకోడలికి అది ఉద్యోగం మానెయ్యమనడమే.

పెద్దకోడలికి మొదటినుంచీ టైమరు మీదే అనుమానం. ఇంట్లోనూ అంతే. చిన్నకోడలు గ్యాసు కట్టేస్తే, ఈవిడ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, కట్టిందో లేదో చూసి గానీ కదలదు. ఆమె కట్టిన కుళాయి మళ్ళీ బిగిస్తుంది. ఏనాడూ ఒక్క తప్పూ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది.

టైమరులో అడుగడుగునా ప్రింటు లైన్లు పెట్టి కాపు కాసింది. అది వచ్చినప్పుడు వచ్చానని, వెళ్ళినప్పుడు వెళ్ళానని తెర మీద రాసుకుంటూ తిరిగింది. ఎన్నిసార్లు దించినా మిషను బిగుసుకోలేదు. లైన్లు తీసేసింది. బిగుసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ నంగనాచి.

"చూస్తున్నంతసేపూ బుద్ధిమంతురాలే," అంది.

"టైమరేనా అక్కా?" చిన్నకోడలు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"మరెవరనుకున్నావు?"

"నేనేం అనుకోలేదు. ప్రింటు చెయ్యడానికి కాస్త టైము పడుతుంది కదా, ఆ ఆలస్యానికి వేళలు మారిపోతున్నాయేమో. కాపలా తీసేసి బిగుసుకోనిద్దాం. ఎవరెక్కడ ఆగిపోయారో తర్వాత అడుగుదాం."

ఇంత మంచి సలహా ఊరికే ఎందుకిస్తుందా అని పెద్దకోడలికి ఇంకో అనుమానం. అయినా లైన్లు తీసేసి, పక్క మిషనుకు తీగ కలిపి, మాడ్యూలు దించింది. బిగుసుకుంది. పక్క మిషను నుంచి ఆరా తీస్తే ఎవరెక్కడున్నారో బయటపడింది.

టైమరు లాకు కోసం నిలబడి ఉంది. లాకేమో మాడ్యూలును దించే ఫంక్షను గుప్పిట్లో ఉంది. అది పెద్దకోడలు రాసింది. టైమరు పని ముగించిందాకా కదలనని ఆ ఫంక్షను, లాకిచ్చిందాకా ముగించలేనని టైమరు. దించే క్షణానికి టైమరు లేచి ఉంటేనే ఈ పీటముడి. లేకపోతే అంతా సవ్యమే.

"టైమరు నిజంగా ఆగిందా అని నిలబడి చూసే ఈ లైను..." చిన్నకోడలు నెమ్మదిగా అంది, "మొదట్లో లేదక్కా."

లేదు. పెద్దకోడలే చేర్చింది, గ్యాసు చూసినట్టే, ఎవరికీ చెప్పకుండా.

"చూడ్డం మంచిదే," అంది చిన్నకోడలు. "ఇక లేవద్దని దానికి చెప్పి, లాకు వదిలేసి చూస్తే సరిపోతుంది."

అంతలో మేనేజరు వచ్చాడు. "తేలిందా? టైమరేగా?"

అవునంటే నమ్మేసేలా ఉన్నాడు. చిన్నకోడలు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

"టైమరు కాదండీ, నేను రాసిన లైను," అంది పెద్దకోడలు. "ఆవిణ్ణి ఎక్కడికీ పంపక్కర్లేదు."

చిన్నకోడలు సీసా మూత బిగించింది. తప్పెక్కడుందో ముందే తెలిసీ ఊరుకుందేమోనని పెద్దకోడలికి మళ్ళీ అనుమానం వచ్చింది. అడగలేదు.

ఇంటికొచ్చాక చిన్నకోడలు పాలు కాచి, గ్యాసు కట్టేసి వెనక్కి తిరిగింది. పెద్దకోడలు వెళ్ళి చూసింది. కట్టేసే ఉంది. ఈసారి మాత్రం గుమ్మం వదిలి, పక్కకు జరిగి చూసింది.