చచ్చిపోయినా ఎవరికీ తెలియని ఆవిడ

"మిక్సీ ఆపవే తల్లీ! దయ్యం ఏమంటోందో వినపడి చావట్లేదు!" హాల్లోంచి అత్తగారి కేక.

ఆపింది. ఆ దయ్యాన్ని పుట్టించింది తనే అయినా ఆపింది. ఇంటిల్లిపాదీ టీవీకి అతుక్కుపోయి ఉన్నారు. తను రాసిన నవలే సీరియల్‌గా వచ్చి ఇవాళ్టితో అయిపోతోంది. తను మాత్రం ఒక్క రోజైనా కుదురుగా కూర్చుని చూసిన పాపాన పోలేదు. ప్రకటనలప్పుడు కాఫీలు, కథ నడుస్తున్నప్పుడు గిన్నెలు.

వీధిలో అందరూ ఆమెను 'దయ్యాలమ్మ' అంటారు. నవ్వేసి ఊరుకుంటుంది, ఏం చేస్తుంది మరి? కుక్కర్ కూతల మధ్య, బట్టలు ఆరేసి వచ్చి చెయ్యి తుడుచుకునే సందుల్లో ఎన్నో నవలలు రాసింది గానీ ప్రాణమంతా ఈ ఒక్కదాని మీదే పెట్టుకుంది. అందులో ఒక ఇల్లాలు పొయ్యి ముందే పోతుంది. పోయి కూడా పని మానదు. వండుతుంది, వడ్డిస్తుంది, ఇస్త్రీ చేస్తుంది. వేళకి అన్నీ అందుతున్నాయి కనక ఆవిడ పోయిందని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అంతే కథ. రాస్తూ రాస్తూ తనే వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంట్లో మనిషి పోతే తెలియకుండా ఉంటుందా మేడమ్? జనం నమ్మొద్దూ!" అన్నాడు దర్శకుడు. ఆవిడకు జుట్టు విరబోశాడు, కోరలు పెట్టాడు, బంగారంలాంటి మొగుడి మీదికి ఉసిగొల్పాడు. "ఇప్పుడు కదా దయ్యంలా ఉంది! నువ్వు రాసినదాంట్లో భయమెక్కడ ఏడిసింది?" అన్నాడు భర్త. ఇక తీయబోయే రెండో భాగంలో ఆవిణ్ణి సీసాలో బంధించి సముద్రంలో పారేస్తారట. దానికి రచయిత్రి సరేననాలి. ఇవాళ సీరియల్ అవగానే దర్శకుడు ఫోన్ చేస్తానన్నాడు. "ఊఁ అను చాలు, ఇవన్నీ నీకేం తెలుస్తాయి" అని పొద్దున్నే చెప్పేశాడు భర్త.

ఊఁ అంటే ఆవిడ ఇక లేదు. ఈ ఇంట్లో తనకంటూ ఉన్న ఒక్క మనిషీ లేదు. ఎవరితో చెప్పుకోవాలి? ఒళ్ళు కాలిపోతోందని పొద్దున చెప్తేనే, "మాత్ర వేసుకుని కాస్త ఉల్లిపాయలు తరుగు" అంది అత్తగారు. కాఫీ కలిపి హాల్లోకి తీసుకెళ్ళింది.

భర్త తల తిప్పకుండా చెయ్యి చాచాడు. కప్పు అందింది. అత్తగారు చాచింది. అందింది. "చక్కెర తక్కువైంది" అంది ఆడపడుచు, తెర వైపే చూస్తూ. ఒక్కరూ తన మొహం చూడలేదు. అచ్చం తను రాసినట్టే. జనం నమ్మరని దర్శకుడు తీసి పారేసిన దృశ్యమే. ఆమెకు ఉన్నట్టుండి భయమేసింది. ఎందుకైనా మంచిదని తన చెయ్యి తనే గిల్లుకుని చూసుకుంది. నొప్పి పుట్టింది.

సీరియల్ అయిపోయింది. ఫోన్ మోగింది. భర్తే ఎత్తాడు. "ఆఁ, చెప్పండి సార్... అయ్యో, ఆవిడదేముంది, ఎప్పుడో ఒప్పేసుకుంది."

"ఒప్పుకోలేదు."

పెద్దగా కూడా అనలేదు. భర్త కాఫీ ఒళ్ళో ఒలకబోసుకున్నాడు, ఆడపడుచు కెవ్వుమంది, అత్తగారు గుండె పట్టుకుంది. ముగ్గురూ గిరుక్కున వెనక్కి తిరిగారు. కోరల దయ్యాన్ని చూసి కూడా వాళ్ళు అంతగా జడుసుకోలేదు.

"ఫోనిలా ఇవ్వండి" అంది ఆమె.