మంచులో విడవని నలుపు

మా ఆయన నోనిటోది తప్పు అంటే నేను ఊరుకోను. శవపేటిక ఇంకా ఇంట్లో ఉండగానే అంటున్నారు శవజాగారానికి వచ్చినవాళ్లు, నేను పోసిచ్చిన కాఫీ తాగుతూ, రాత్రంతా మేలుకోవడానికి వేసిన పేకాట బల్లల దగ్గర కూర్చుని. బండికి అడ్డంగా నిలబడ్డాడట, పరధ్యానంలో ఉన్నాడట. చేపల గిడ్డంగిలో పెళ్లికి ముందు నుంచీ పనిచేసినవాడికి బండి వచ్చే దారి తెలియదా? నోటికి హద్దూ అదుపూ ఉండాలి.

ఆ బండి నడిపింది మా అన్న క్రిస్పులో. బయట ఎండలో ట్యూనా చేపల పెట్టెలు మోసే ఫోర్క్‌లిఫ్ట్ అతనిది. కంటి ఆపరేషన్ తర్వాత వెలుతురు భరించలేక, ఎండకు నల్లబడే కళ్లద్దాలు పెట్టించుకున్నాడు. మా జనరల్ శాంటోస్ పట్నం రేవులో ఆ వేడికి అవి సరిగా నల్లబడితేగా! టీ రంగు దాకా వచ్చి ఆగిపోయేవి. కొట్టువాడు నిలువునా ముంచాడని అన్న రోజూ శాపనార్థాలు పెట్టేవాడు.

ఉపాయం కనిపెట్టింది మా ఆయనే. గేటు దగ్గర నా కాఫీ బండి మీద ఐసు డబ్బా ఉంటుంది. ఒకరోజు అన్న కళ్లద్దాలు లాక్కుని, ఐసులో ముంచి తీసి ఎండలో పట్టాడు. కాటుకలా నల్లబడ్డాయి.

"ఇవీ నీలాంటివే బావా, చల్లగా చూసుకుంటేనే పనిచేస్తాయి," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అన్నకు అదే అలవాటైంది. వేడెక్కగానే వచ్చి ఒకసారి ముంచుకుని పోయేవాడు. నా కాఫీ బండి పట్టా నీడలో నిలబడితే ఆ ఉక్కకు అద్దాలు ఇట్టే తేటపడేవి. అందుకని ఎవరం ఇంకేమీ ఆలోచించలేదు.

మొన్న గిడ్డంగి లోపల బండి నడిపేవాడు జ్వరం వచ్చి రాలేదు. అన్నను పంపారు. మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి, నా డబ్బాలో అప్పుడే ముంచుకున్న అద్దాలతో, నేరుగా చేపలు గడ్డకట్టేలా ఉంచే చలి గదిలోకి బండి తోలాడు. లోపల మా ఆయన వంగి పెట్టెలు సర్దుతున్నాడు.

దీపాలు గుడ్డిగా ఉన్నాయని, అంతా చీకటిగా ఉందని అన్న గుండెలు బాదుకున్నాడు. దీపాలు బాగానే ఉన్నాయని మేనేజరు చూసి తేల్చాడు. ఇక మిగిలింది నోనిటో తప్పే.

ఈ రోజు పొద్దున శవపేటిక పక్కన చాప మీద అన్న నిద్రపోతుంటే, దీపాలు బాగుంటే ఆ చీకటి ఎక్కడిదని, ఆ కళ్లద్దాలు తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. ఐసులో ముంచి ఎండలో పట్టి, నల్లబడ్డాక పొయ్యి పక్కన పెట్టాను. నేను కాఫీ కలిపేలోపే తేటపడ్డాయి. మళ్లీ అలాగే నల్లబరిచి, ఈసారి ఐసు డబ్బాలో పెట్టి మూత వేశాను. అందరికీ కాఫీ పంచి, కప్పులు కడిగి వచ్చి చూస్తే ఇంకా నలుపే. ఆ చలి గదిలోనూ ఇలాగే ఉండిపోయి ఉంటాయి.

అన్నను లేపి చూపించాను. అద్దాలు చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఇది బయటపడితే ఇక తనను ఎవరూ బండి ఎక్కనివ్వరని, పిల్లలింకా చిన్నవాళ్లని మెల్లగా అన్నాడు. నాకు తెలియదా? నీకు ఉద్యోగం ఉంది, నా మొగుడికి ఇక పేరు తప్ప ఏముందని అడిగాను. అన్న అద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మేనేజరు పూలు పట్టుకుని వచ్చాడు. మా అమ్మాయి తల నిమిరి, మీ నాన్న మంచివాడమ్మా, ఆ ఒక్క క్షణం ఏమరుపాటే కొంప ముంచిందన్నాడు. పిల్ల ముఖం ఎర్రబడింది. నేను అన్న వైపు చూశాను. అతను నోరు విప్పకపోతే నేనే విప్పేదాన్ని. అన్న లేచాడు.

"ఏమరుపాటు వాడిది కాదు సార్. లోపలికెళ్లినా నా అద్దాలు నల్లగానే ఉండిపోయాయి. నాకేం కనబళ్లేదు."

పేకాట ఆగిపోయింది.

"కనబడకపోతే బండి ఎందుకు ఆపలేదయ్యా?" అన్నాడు మేనేజరు.

"ఆపితే నా కళ్లు పోయాయనుకుని తీసేస్తారని, సార్. దారి గుర్తే కదా అని పోనిచ్చాను."

ఆ మాట అన్న నాకు చెప్పలేదు. పొద్దుటి నుంచీ నేను ఆ అద్దాలను తిట్టుకుంటూ కూర్చున్నాను.

మేనేజరు రేపటి నుంచి పనికి రావద్దని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన పేరు కడిగిన ముత్యంలా బయటపడింది, నాకు కావలసింది అదే. అన్న కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చోబోయాడు. ఇక్కడ కాదు, అవతలికి పొమ్మన్నాను.