అరువు ముక్కు

రెండేళ్లకొకసారి కొత్త ముద్రణ వచ్చే ఆ యాత్రా పుస్తకంలో ఆయన వాటా పద్దెనిమిది పేజీలే. ఏ ఊళ్లో మంచి సిగార్ బార్ ఉంది, వేషాలు వేయని పాత పబ్బు ఏ సందులో దొరుకుతుంది, ఎక్కడ కూర్చుంటే మనసు కుదుటపడుతుంది, ఎక్కడినుంచి గ్లాసు ముట్టకుండా లేచి రావాలి, ఇవన్నీ తిరిగి చూసి రాయడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. గడప దాటకముందే లోపలి సంగతి పసిగట్టేస్తాడని ప్రచురణకర్త ఆఫీసులో ఆయనకు ముక్కుగారు అని పేరు పెట్టారు. ఆయనకూ ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

అలాంటి ముక్కుగారికి ఎనిమిది నెలలుగా ఏ వాసనా తెలియడం లేదు. ఓ వారం జ్వరం వచ్చి తగ్గింది. ఆకలి తిరిగొచ్చింది, ఓపిక తిరిగొచ్చింది, వాసన మాత్రం రాలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటూ, పక్కనే పొయ్యిమీద పాలు పొంగి మాడి గిన్నె నల్లబడినా ఆయన తల ఎత్తలేదు. భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, గిన్నె వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

కొత్త ముద్రణకు పెద్ద ఊరు ఒకటి చుట్టి రావలసిన సమయం వచ్చింది. నాలుగు రోజుల పని.

"మా తమ్ముణ్ణి తీసుకెళ్లండి" అంది భార్య.

"వాడు మందు ముట్టడు, పొగ పడదు. పబ్బులో వాడేం చేస్తాడు?"

"అందుకే అంటున్నా. వాడి ముక్కు ఇంకా పాడవలేదు."

బావమరిది వడ్రంగి. ముప్పై ఏళ్లు రంపపు పొట్టులో బతికినా మూతికి గుడ్డ కట్టుకోకుండా ఒక్కరోజూ పని చేయలేదు. దుంగను వాసన చూసి అది ఏ చెట్టో, ఎన్నాళ్లు తడిలో పడి ఉందో చెప్పేవాడు. మాట తక్కువ. మాట్లాడితే మాత్రం బావను ఆట పట్టించకుండా వదలడు.

రైలు కదిలాక ముక్కుగారు గొంతు సవరించుకున్నారు. "ఏరా, మీ అక్క నీకేం చెప్పింది?"

"నీకు తోడు వెళ్లమంది. ఎందుకో నిన్నే అడగమంది."

చెప్పారు. బావమరిది అంతా విని, సంచీలోంచి కమలాపండు తీసి, ఒలిచి, తొక్కను బావ ముక్కు కింద నలిపాడు.

"ఏం లేదా?"

"ఏం లేదు."

బావమరిది సగం పండు బావ చేతిలో పెట్టి, "అయితే ఈ నాలుగు రోజులూ నేను నీకు అరువు ముక్కునన్నమాట. నాకు జలుబు చేస్తే నీదే పూచీ బావా" అన్నాడు.

మొదటి రోజు మధ్యాహ్నం వెళ్లింది పెద్ద హోటల్లోని సిగార్ బార్‌కి. తోలు కుర్చీలు, సిగార్లు దాచే గాజు తలుపుల అలమారా, గోడల మీద దీపాలు. సిగార్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు బావమరిది.

"చుట్టే కదా బావా. కోటు తొడుక్కుంది, అంతే."

"గట్టిగా అనకు. ఏం వాసనొస్తోందో చెప్పు."

బావమరిది తీరిగ్గా గాలి పీల్చాడు. "తివాచీ ఎప్పుడో తడిసింది, సరిగా ఆరలేదు. దానిమీద ఏదో సెంటు కొట్టారు. ఆ అలమారా దేవదారు అంటున్నారు గానీ కాదు. ప్లైవుడ్ మీద పల్చటి పొర అంటించి నూనె రాశారు. తలుపు తీసినప్పుడు కొత్త చెప్పుల డబ్బా వాసనొచ్చింది."

ముక్కుగారు ఒక్క మాట పొల్లుపోకుండా రాసుకున్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన 'తేనె', 'తోలు', 'చలికాలపు ఉదయం' అని రాశారు గానీ కొత్త చెప్పుల డబ్బా అని ఎప్పుడూ రాయలేదు. మాట సరిగ్గా అతికింది. అది తన మాట కాదన్నది మాత్రం కాస్త గుచ్చుకుంది.

రెండో రోజు ఒక గొడుగుల దుకాణం పైన ఇరుకు మెట్లెక్కారు. పైన ఒకే గది. ఎనిమిది కుర్చీలు, ఏ ఒక్కటీ ఇంకోదాని జత కాదు. కళ్లద్దాలు మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ ఆ బార్ యజమాని. ఆవిడ సిగార్ల అలమారా తెరవగానే బావమరిది కళ్లు మూసుకున్నాడు.

"ఇది దేవదారు" అన్నాడు మెల్లగా. "పాతది. చిత్రిక పట్టేటప్పుడు మొదటి పొర లేస్తుంది చూడు, అప్పుడొచ్చే వాసన. ఇన్నేళ్లయినా పోలేదు."

ముక్కుగారు తనూ గాలి పీల్చి, తల పంకించి, "అద్భుతం" అన్నారు.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. "మీకు వాసన తెలీదు కదూ?"

ఆయన మొహం పాలిపోయింది.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నానండీ. వాసన చూసేవాళ్లు కళ్లు మూసుకుంటారు, ఆయన మూసుకున్నట్టు. మీరేమో ఆయన మొహం చూస్తున్నారు."

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆయన ఒప్పుకున్నారు, వచ్చిన పనీ చెప్పారు. ఆవిడ జాలి పడలేదు, నవ్వలేదు. కిటికీ పక్క కుర్చీ చూపించి, ఓ సన్నపాటి సిగార్ వెలిగించి ఇచ్చింది. "పొగ వెచ్చదనం నాలుక్కి తెలుస్తుందిగా. దాంతో సరిపెట్టుకోమని అనను. కానీ అదీ కొంత నయమే కదా." వెళ్లేటప్పుడు మెట్లదాకా వచ్చి మరో మాట అంది. "మీ పుస్తకం నమ్మి జనం ఇక్కడిదాకా వస్తారు. చూసి రాసింది చూసి రాశానని, విని రాసింది విని రాశానని చెప్పండి. ఎవరూ కొట్టరు."

ఆ మాట ఆయన్ని రాత్రంతా వదల్లేదు.

మూడో రోజు వంతు ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పబ్బుది. వరసగా ఐదు ముద్రణల్లో ఆ ఊరి పేజీల్లో మొదటి పేరు దానిదే. ముదురు గోధుమరంగు చెక్కగోడలు, తల తగిలేంత తక్కువ ఎత్తు పైకప్పు, పొడవాటి కౌంటరు బల్ల. గుమ్మం మీద నూటయాభై ఏళ్ల నాటి సంవత్సరం చెక్కి ఉంది. లోపల గోడకు ఆయన రాసిన వాక్యాన్నే ఫ్రేము కట్టి తగిలించారు: 'ఈ చెక్కకు నూటయాభై ఏళ్ల సాయంత్రాలు తెలుసు.'

పదకొండున్నరకి పబ్బు తెరవగానే ఇద్దరూ లోపలికి వెళ్లారు. బావమరిది రెండడుగులు వేసి ఆగిపోయాడు. గోడను చూశాడు. కౌంటరు దగ్గరికెళ్లి, బల్ల అడుగున చెయ్యి పెట్టి, ఏదో వెతుక్కుంటున్నట్టు తడుముతూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి బయటికి నడిచాడు.

ముక్కుగారు వెనకే వెళ్లారు. ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు బావమరిది.

"ఏమైందిరా? లోపల అంత చెడ్డ వాసనా?"

"వాసన బాగానే ఉంది. అది నేను చేసిన చెక్క బావా."

"ఏంటీ?"

"పద్నాలుగేళ్లయింది. నేనూ నలుగురు పనివాళ్లూ నాలుగు నెలలు చేశాం. పాత సరుకులా కనిపించాలన్నారు. గొలుసుల్తో కొట్టి సొట్టలు పెట్టాం. వెనిగర్లో ఇనుప పీచు నానబెట్టి పూస్తే నల్లబడింది. డబ్బనంతో పొడిచి పురుగు తొలిచినట్టు కన్నాలు పెట్టాం. లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. ఎక్కడికని అడిగితే ఏదో ఊరన్నారు. కౌంటరు బల్ల కొలత ఓచోట తప్పాను, సీతాకోకచిలుక ఆకారంలో చెక్కముక్క పొదిగి అతుకు వేశాను. ఇందాక చేతికి తగిలింది."

ముక్కుగారు బెంచీ మీద కూలబడ్డారు. "ఐదుసార్లు రాశాను. ఐదు ముద్రణల్లో దాని గురించి గొప్పగా రాశాను. సొంత బావమరిదివి, ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"నీ పుస్తకం నేనెప్పుడూ చదవలేదు బావా."

ఆ జవాబులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

"ఇల్లు కాలి నేనేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది నీ వరస" అన్నారాయన. బావమరిది తల దించుకున్నాడు. తను అన్నది అన్యాయమని వెంటనే ఆయనకే తోచింది. ఇరవై రెండేళ్లు ముక్కును నమ్ముకున్నది తను. వార్నిష్ వాసన, పొగ వాసన, ఒలికిన బీరు వాసన కలిస్తే అది కాలమే అనుకున్నది తను. వాడు చేసింది కూలిపని.

"చెడ్డపని చేశానంటావా?" అని అడిగాడు బావమరిది.

"నువ్వు చెక్క చేశావు. అబద్ధం నేను రాశాను."

"అమ్మినవాడూ ఉన్నాడుగా మధ్యలో."

"ఉన్నాడు. ఇప్పుడున్నాయన కాదు. ఈయన తొమ్మిదేళ్ల కిందట కొన్నాడు. నా వాక్యం చూసే కొన్నానని నాతోనే చెప్పాడు."

బావమరిది లేచాడు. "ఆయనకి చెప్పాలి బావా. నువ్వు చెబితే రాసేవాడి మాటలా ఉంటుంది. నేను చెబుతా."

పబ్బు యజమాని బట్టతల, బొద్దు మనిషి. వాళ్లను చూడగానే సంతోషపడి, పక్కనే ఉన్న కొత్త అతిథికి బల్ల మీద చెయ్యి వేసి చెబుతున్న కథను వీళ్లకోసం మళ్లీ మొదలెట్టాడు. "ఈ బల్ల చేసిన వడ్రంగి ఒక్క మేకు వాడలేదండీ. ఆయన పోయి నూరేళ్లు దాటి ఉంటుంది, పని మాత్రం నిలబడింది."

బావమరిది ఇబ్బందిగా నిలబడ్డాడు. తను పోయి నూరేళ్లయిందని విన్నాక ఎవరు మాత్రం ఎలా నిలబడతారు. అతిథి వెళ్లేదాకా ఆగి, యజమానిని దగ్గరికి పిలిచాడు.

"బల్ల కింద ఇక్కడ వేలు పెట్టండి. అతుకు తగిలిందా? దాని పక్కన మూడు చిన్న గాట్లుంటాయి. నా ఉలి జారి పడ్డవి. కనిపించదని వదిలేశాను."

యజమాని వంగి తడిమాడు. మూడు గాట్లూ లెక్కపెట్టినట్టు పెదాలు కదిలాయి. మిగతాది బావమరిది నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఈ కన్నాలు?" అన్నాడు యజమాని.

"డబ్బనం. నిజం పురుగైతే వంకర టింకరగా పోతుంది. ఇవన్నీ నిటారుగా ఉంటాయి."

"ఈ నలుపు?"

"వెనిగర్, ఇనుప పీచు."

యజమాని గొంతు తగ్గింది. "మరి ఈ అంచు? ఇది కూడా నువ్వేనా?"

కౌంటరు చివర, గోడ వైపు, బల్ల అంచు ఒకచోట జానెడు మేర నున్నగా లోపలికి అరిగి ఉంది. బావమరిది వంగి, వెలుగుకు అడ్డం లేకుండా పక్కకు జరిగి, బొటనవేలితో రాసి చూశాడు.

"ఇది నేను చేయలేదండీ. నేను అరగదీస్తే అంతా ఒకేలా ఉంటుంది. దీన్ని మోచెయ్యి అరగదీసింది. ఎవరో ఎడమచేతివాటం మనిషి, రోజూ ఇక్కడే కూర్చుంటాడు. ఏళ్ల తరబడి."

"పోస్టుమాస్టరు గారు" అన్నాడు యజమాని. "రిటైరయ్యాక రోజూ పన్నెండింటికి వస్తారు." ఆ మాటతోనే వెనకగదిలోకి వెళ్లిపోయాడు. వాళ్లు పావుగంట ఎదురుచూశారు, ఆయన మళ్లీ బయటికి రాలేదు.

నాలుగో రోజు ముక్కుగారు హోటలు గదిలోంచి కదల్లేదు. తన పద్దెనిమిది పేజీల్లో ఆ ఊరివన్నీ మొదటినుంచి రాశారు. వాసన పోయిన సంగతి మొదటి పేరాలోనే పెట్టారు. ప్రతి వాసన దగ్గరా 'మా బావమరిది చెప్పగా' అని రాశారు. పబ్బు గురించి, ఐదు ముద్రణల్లో తను తప్పు రాశానని, ఆ చెక్క వయసు పద్నాలుగేళ్లని, అందులో ఒక జానెడు అంచు మాత్రం నిజంగా పాతబడిందని రాశారు. ఆ పేజీ ఒక ప్రతి యజమానికి పంపి, మీరు మీ వాళ్లకు చెప్పుకునేదాకా అచ్చు వేయించనని కింద చేతిరాతతో చేర్చారు.

"ముక్కు లేదని ముక్కుగారే చెప్పుకుంటే పుస్తకం ఎవరు కొంటారండీ?" అన్నాడు ప్రచురణకర్త ఫోన్లో. ఆ ముద్రణ వేయడానికి ఒప్పుకున్నాడు గానీ, తర్వాతి ముద్రణ పని వేరొకరికి అప్పగించాడు. ముక్కుగారు బాధపడ్డారు. ఏడ్చినంత పనీ చేశారు. రాసింది మార్చమని మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగినా మార్చేవారు కాదు.

రెండు నెలలకు పబ్బు యజమాని ఉత్తరం వచ్చింది. గుమ్మం మీది సంవత్సరం తీసేశాడట. రోజూ వచ్చేవాళ్లందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడట, ఇక ఆ పేజీ అచ్చు వేయించుకోమన్నాడు. ఇద్దరు రావడం మానేశారు. ఒకాయన, 'తెలీకుండా ఉంటేనే బాగుండేది' అని వెళ్లిపోయాడు. పోస్టుమాస్టరు గారు మాత్రం అంతా విని, 'అయితే ఆ వడ్రంగి బతికే ఉన్నాడా? నా వైపు బల్ల కాస్త ఊగుతోంది. వచ్చి చూడమను' అన్నారట.

బావమరిది ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, పనిముట్ల సంచీ సర్దుకున్నాడు. ముక్కుగారు కూడా బయల్దేరారు. ఈసారి నోటు పుస్తకం తీసుకెళ్లలేదు, రాయవలసిందేమీ లేదు. పన్నెండవుతుండగా వెళ్లేసరికి పోస్టుమాస్టరు గారు తన చోట కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. బావమరిదిని ఎగాదిగా చూసి, "ఆ అంచు జోలికి మాత్రం వెళ్లకు నాయనా" అన్నారు.

"వెళ్లనండీ" అన్నాడు బావమరిది.

యజమాని పలకరింపు పొడిపొడిగానే ఉంది. అయినా అడక్కుండానే ఒక గ్లాసు తెచ్చి ముక్కుగారి ముందు పెట్టాడు. బావమరిది బల్ల కిందకి దూరి వెల్లకిలా పడుకుని, ఊగుతున్నచోట బిగించడానికి చెక్క చీలిక ఒకటి చెక్కడం మొదలెట్టాడు. ముక్కుగారు పోస్టుమాస్టరు పక్కన కూర్చుని, గ్లాసు చల్లదనం అరచేతికి తగులుతుండగా, ఉలి చప్పుడు వింటూ ఉండిపోయారు.