కొలిచిన చెయ్యి

నాన్న ఊపిరి ఆగి రెండేళ్ళయింది. దున్నల్ని కోసి సాగనంపేదాకా మా తొరాజా కొండల్లో ఎవరినీ పోయారనరు, జబ్బుగా ఉన్నారంటారు. దక్షిణపు గదిలో, బట్టలు చుట్టి పడుకోబెట్టిన ఆయనకి అమ్మ రోజూ అన్నం పెట్టేది. ఆమెకీ గుండె జబ్బు ముదిరింది. తన కళ్ళతో ఆయన్ని సాగనంపాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

బాబాయి రెరుంగ్ అడ్డం పడ్డాడు. "రెండు దున్నలకీ కొమ్ము మూర నిండాలి. జత కుదరకపోతే ఊరు నవ్వుతుందిరా. ఏ చేత్తో కొలవడం మొదలెడితే ఆ చేత్తోనే ముగించాలి, మర్చిపోకు."

లెక్కల మాస్టారిని, నాకు పౌరుషం వచ్చింది. మా దున్నలు పన్నెండేళ్ళ నా కూతురు రంతేని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వవు. అదే తన చెయ్యి ఆనించి కొలిచింది. కొన్ని నెలల కొలతలు చూసి బోర్డు మీద రెండు గీతలు గీశాను. పెద్దదాని కొమ్ము ఇరవై వేళ్ళు, రెండు నెలలకొక వేలు పెరుగుతుంది. చిన్నదానిది పదహారు, నెలకొక వేలు. ఎనిమిదో నెలలో గీతలు కలుస్తాయి, ఇరవై నాలుగు దగ్గర. సరిగ్గా మూర.

"ఎనిమిది నెలలేగా, ఉంటాలే," అంది అమ్మ. ఆ రోజుకని రంతేకి నల్ల చొక్కా కుట్టింది, చేతులు మణికట్టు దాకా.

ఎనిమిదో నెల వచ్చింది. రంతే చెయ్యి ఆనించింది. "వేలు తక్కువుంది నాన్నా. రెండిటికీ."

"ఏం మాస్టారూ, నీ గీతలు కాళ్ళు నొప్పెట్టి దారిలో కూచున్నాయా?" అన్నాడు బాబాయి.

తల కొట్టేసినట్టయింది. పెద్దదానికి ఇంకో వేలు రావాలంటే రెండు నెలలు. వాయిదా వేశాం.

"నాకంత టైము లేదురా," అంది అమ్మ.

"ఆ మాట దున్నకి చెప్పు," అని విసుక్కున్నాను.

ఆరు వారాలకి అమ్మ పోయింది. "జబ్బు చేసింది అనరా," అని బాబాయి సరిదిద్దాడు.

ఆమె దగ్గర కూర్చోడానికి రంతే నల్ల చొక్కా వేసుకొచ్చింది. చేతులు మణికట్టుకి రెండు వేళ్ళు పైనే ఆగిపోయాయి.

"నానమ్మ సరిగ్గానే కుట్టింది నాన్నా. అప్పుడు సరిపోయింది," అంది.

రెండు దున్నల పెరుగుదలే లెక్కేశాను. కొలిచే చెయ్యీ పెరుగుతోందని తట్టలేదు. అనుకున్న నెలకే కొమ్ములు మూర నిండాయి. అమ్మ చివరి కోరికని నా చేతులారా చంపేశాను.

రంతే దక్షిణపు గదిలో రెండు పళ్ళేలు పెట్టి బయటికి వచ్చింది.

"నానమ్మ దున్నల్ని కూడా నేనే కొలవనా నాన్నా?"

దాని చొక్కా చేతులు కిందికి లాగుతూ ఉండిపోయాను.