తగినంత అంటే నేనే

నేను ఒక స్టీలు గ్లాసుని. తెనాలిలో పానకాలరావు పెళ్లికి ఆయన మేనత్త నన్ను కొని, గిన్నెల కొట్లోనే నా ఒంటి మీద తన పేరు చెక్కించింది. ఆ పెళ్లికి వచ్చిన మిగతా గ్లాసుల మీద పేర్లు లేవు. వాటిని ఆ ఇంటివాళ్లు ఒక్కొక్కటిగా ఊళ్లో గృహప్రవేశాలకి చదివించేశారు. నన్ను చదివిద్దామంటే మేనత్త పేరు అడ్డొచ్చింది. అలా ఆ ఇంట్లో నిలదొక్కుకున్నాను. మనుషులు దీన్నే జ్ఞాపకంగా దాచుకోవడం అంటారు.

పానకాలరావు భార్య హైమవతి కందిపొడి చేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు నన్ను ఉప్పు డబ్బాలో వేసింది. పది కేజీల పొడికి నాతో తలకొట్టి ఒక గ్లాసు ఉప్పు. కొన్నాళ్లకి బజార్లో కొట్టు పెట్టారు. పానకాలరావు మొదటిరోజే 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అని బోర్డు రాయించాడు. ఉన్నాయా అని అడిగినవాళ్లెవరూ లేరు. మేకు కొట్టడానికి సుత్తి కనబడక నన్ను అందుకున్నాడు. మేకు గోడలోకి దిగింది. నా పొట్టకి బొటనవేలు పట్టేంత సొట్ట పడింది.

సరిగ్గా ఆ వారం నుంచే పొడికి పేరొచ్చింది. అది తన చేతి మహిమ అనుకుంది హైమవతి. బోర్డు మహిమ అనుకున్నాడు పానకాలరావు. నేనేమీ అనుకోలేదు. నాకు తెలుసు.

గిరాకీ పెరిగి రేపల్లెలో రెండో కొట్టు తెరిచారు. బోర్డులో 'లేవు' అన్న మాట మీద సున్నం పూశారు. కొత్త కొట్టు హైమవతి తోడికోడలు నాగరత్నానిది. పొడి అక్కడే చేయాలి. ఉప్పెంత వేయాలని ఆవిడ అడిగింది.

"తగినంత వెయ్యి" అంది హైమవతి.

"తగినంత అంటే ఎంతక్కా?"

"చేతికి తెలుస్తుందే."

"నీ చేతికి తెలుసు. నా చేతికి ఎవరు చెప్తారు?"

ఎవరూ చెప్పలేదు. నన్ను లెక్కలో వేసుకోవడం హైమవతికి తట్టలేదు, అక్కడి పొడి ఉప్పగా వచ్చింది. రేపల్లెవాళ్లు మర్యాదస్తులు కాబట్టి పొడి బాగాలేదనలేదు. 'తెనాలిది వేరండీ' అని పొట్లాలు వెనక్కి తెచ్చిచ్చారు. నెల తిరిగేసరికి కొట్టు అద్దెకిచ్చినాయన వచ్చి, మీకు కుదరకపోతే ఒకటో తారీఖు నుంచి సెల్‌ఫోన్ కవర్లవాడికి ఇచ్చేస్తానన్నాడు. అప్పటికి మిగిలింది తొమ్మిది రోజులు.

హైమవతి పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కి వెళ్లి, పప్పు తనే వేయించి, తనే దంచి, అక్కడున్న అదే సైజు గ్లాసుతో తనే ఉప్పు పోసింది. అయినా ఉప్పగానే ఉంది. ఆవిడ తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుందట. జాతకాలు చూసే పానకాలరావు శని అన్నాడు. నాగరత్నానికి శని మీద నమ్మకం తక్కువ. తెనాలిలో ఉప్పు దేంతో పోస్తావో అది పట్టుకురమ్మంది.

మర్నాడు నేను హ్యాండ్‌బ్యాగులో, దువ్వెన పక్కన కూర్చుని రైల్లో వెళ్లాను. నాగరత్నం రేపల్లె గ్లాసు నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లు నాలోకి వంపింది. నేను నిండాక ఇంకా మిగిలాయి. మిగిలినవి చెంచాతో కొలిచింది. నాలుగు చెంచాలు.

ఇద్దరూ నా సొట్ట వంక చూశారు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఇన్నాళ్లూ నా చేతిదేం లేదుటే?" అంది హైమవతి.

"పప్పు ఎప్పుడు దించాలో ఈ గ్లాసుకి తెలుసా? నీకే తెలుసు. అది నేర్పు నాకు."

"అదీ చెప్పేస్తే ఇంక నాతో పనేముందే?"

"మూడో కొట్టు ఎక్కడో చూడు. ఆ పని నావల్ల కాదు."

హైమవతి కొంగు బొడ్లో దోపి పొయ్యి వెలిగించింది. ఇరవయ్యేళ్లలో మొదటిసారి, పక్కన ఒకరిని నిలబెట్టుకుని పప్పు వేయించింది. గింజ పంటికింద టప్పుమనాలి, పొగ రాకముందే దించాలి అని పైకి చెప్పింది. నాగరత్నం అదంతా గ్యాస్ బిల్లు వెనకాల రాసుకుంది.

నాలాంటి గ్లాసులు ఆరు కావాలని పానకాలరావు గిన్నెల కొట్టుకి వెళ్లాడు. "సొట్టపడ్డవైతే తగ్గించి ఇస్తానండీ. సొట్ట పెట్టమంటే మాత్రం కూలవుద్ది" అన్నాడు కొట్టతను. నన్ను ముందు పెట్టుకుని, నీళ్లు పోసి కొలుచుకుంటూ ఒక్కో గ్లాసునీ శ్రద్ధగా పాడుచేశాడు. మా జాతిలో ఇంత గౌరవం ఇంకెవరికీ దక్కి ఉండదు.

ఒకటో తారీఖున రేపల్లె కొట్టు మూతపడలేదు. హైమవతి తెనాలిలోనే ఉండి, పొద్దుట్నుంచి మూడుసార్లు అక్కడికి ఫోన్ చేసింది. ఉప్పు చూశావా, పప్పు మాడలేదుగా, జనం వస్తున్నారా. నాలుగోసారి నాగరత్నం, "అక్కా, పెట్టెయ్. అవతల జనం నిలబడ్డారు" అని తనే పెట్టేసింది.

హైమవతి ఫోను వంక కాసేపు చూసింది. మాట పడ్డ మనిషి మొహంలో అంత సంతోషం నేనెక్కడా చూడలేదు. తర్వాత భర్తని పిలిచి, బాపట్లలో కొట్లు అద్దెకి దొరుకుతాయేమో కనుక్కోమంది.