ఆధారిత వ్యక్తి

తోడల్లుడు ఫొటో పంపేదాకా అతనికి ఆ దేశం ఎక్కడుందో కూడా సరిగా తెలియదు. అక్కడ ఫ్లాటు కొని, పెట్టుబడి పెట్టినవాళ్ళకిచ్చే వీసా తెచ్చుకుని, బాల్కనీలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఫొటో అది. ఆ రోజు అతను షాపులో ఇద్దరు గిరాకీలతో గొడవపడ్డాడు.

నేల టైల్స్ అమ్మేవాడు కాబట్టి అందరూ అతన్ని టైల్సాయన అనేవారు. తోడల్లుడు ఏది చేసినా, తను ఒక మెట్టు పైన చేస్తే తప్ప అతనికి నిద్రపట్టేది కాదు. వాడిది ఒక గది ఫ్లాటైతే తనది మూడు గదులది కావాలనుకున్నాడు. ఆ మూడు గదులు వెతకడానికే పద్నాలుగు నెలలు పట్టింది. కాగితాలన్నీ సర్దుకుని భార్యతో సహా విమానం దిగేసరికి ఆ వీసాలనే ఎత్తేశారు.

వీసాల సలహాదారు ఆఫీసు ఒక మందుల షాపు మీద ఉంది. ఆమె అక్కడ స్థిరపడిన తెలుగు మనిషి, ముప్ఫయ్యేళ్ళుంటాయి, కళ్ళజోడుకి గొలుసు తగిలించుకుంది.

"మళ్ళీ పెడతారేమో కొన్నాళ్ళు చూద్దామా?" అని అడిగాడు టైల్సాయన.

"పెట్టరండీ. ఇళ్ళ ధరలు అందకుండా పోతున్నాయని ఇక్కడివాళ్ళు గోల చేశారు. వేరే దార్లున్నాయి. పింఛనో, అద్దెలో, ఊరికే కూర్చున్నా నెలనెలా వచ్చే ఆదాయం ఏమైనా ఉందా?"

"షాపుంది."

"అది మీరు కూర్చుంటేనే కదా నడిచేది. పోనీ, ఇక్కడ కంపెనీ పెట్టి నలుగురికి ఉద్యోగాలివ్వచ్చు. కానీ వ్యాపారం ఎలా నడుపుతారో ఈ భాషలో అధికారులకి మీరే వివరించాలి."

"నాకు ఈ భాష రాదు."

"అయితే చదువుకోవచ్చు. విద్యార్థి వీసా ఉంది."

"నాకు నలభై ఎనిమిదేళ్ళు."

"వయసు అడ్డం కాదండీ."

భార్య నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. అతను చూడనే చూశాడు.

"ఆవిడేం చేస్తారు?" అంది సలహాదారు.

"ఏం చెయ్యదు. ఇంట్లోనే ఉంటుంది."

"పళ్ళు చేసేదాన్ని," అంది భార్య. "కట్టుడు పళ్ళు, పంటి తొడుగులు. డాక్టర్లు కొలతలు పంపితే ల్యాబులో తయారుచేసేదాన్ని. పదకొండేళ్ళు చేసి మానేశాను. ఆరేళ్ళయింది."

మానిపించింది భర్తేనని ఆమె చెప్పలేదు. చేతులు ఎప్పుడూ మైనం వాసనేస్తున్నాయని ఒకసారి, షాపు యజమాని భార్య ఇంకొకడి దగ్గర జీతానికి వెళ్ళడమేమిటని ఇంకోసారి, నెలకో వంక చెప్పి మానిపించాడు. అసలు సంగతి వేరు. షాపుకొచ్చే డాక్టర్లు టైల్స్ సంగతి వదిలేసి ఆమె పనితనం గురించే మాట్లాడేవాళ్ళు.

సలహాదారు పెన్ను చేతిలోకి తీసుకుంది. "సర్టిఫికెట్ దాచారా?"

"దాచాను."

"పళ్ళు చేసేవాళ్ళు ఇక్కడ దొరకడం లేదు. కొరత ఉన్న పనుల జాబితాలో అదీ ఉంది. ఏదైనా ల్యాబు ఉద్యోగమిస్తే మీకు నివాస అనుమతి వస్తుంది. మీ వెంట మీ ఆయనకీ వస్తుంది."

ఆ 'మీ వెంట' అన్న మాట అతని గొంతులో పచ్చి వెలక్కాయలా పడింది.

ఒక ల్యాబు నడిపే పెద్దాయన ఆమె చేత మూడు తొడుగులు చేయించి చూశాడు. వాటిని పక్కన పెట్టకముందే ఉద్యోగం ఖాయం చేశాడు. ఇద్దరూ ఊరికి తిరిగొచ్చాక కాగితాలకి ఏడు నెలలు పట్టింది. షాపు తమ్ముడికి అప్పగించి టైల్సాయన భార్య వెనకాలే బయల్దేరాడు. ఏడాదికి చెల్లే కార్డులు ఇద్దరికీ వచ్చాయి. ఆమె కార్డు మీద వృత్తి పేరుంది. అతని దాని మీద 'ఆధారిత వ్యక్తి' అని ఉంది.

తోడల్లుడు వెంటనే ఫోన్ చేశాడు. "వదిన కొంగు పట్టుకుని వచ్చేశారటగా అన్నయ్యా," అన్నాడు.

వాళ్ళు రెండు గదుల ఇంట్లో దిగారు. ఆమె ఏడింటికే వెళ్ళిపోయేది. అతను భాష నేర్పే తరగతికి వెళ్ళొచ్చి, గిన్నెలు తోమి, సాయంత్రం ఐదయ్యేసరికి ల్యాబు ముందు నిలబడేవాడు. అద్దంలోంచి లోపల పొడుగాటి బల్ల కనిపించేది. ఆమె భూతద్దం పెట్టుకుని, సన్నటి కుంచెతో పింగాణీ పొడి ముద్దని గింజంత పన్ను మీద పొర మీద పొర వేస్తుండేది. ఒకరోజు పెద్దాయన ఒక పన్నుని వెలుతురుకి ఎత్తిపట్టి మిగతావాళ్ళని పిలిచాడు. అందరూ చుట్టూ మూగారు. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వు అతను ఇంతకుముందు చూడలేదో, చూసి మరిచిపోయాడో అతనికే తెలియలేదు.

"ఏమిటంత నవ్వు?" అన్నాడు దారిలో.

"ఒకావిడకి ముందు పన్ను చేశాను. ఆవిడ పక్క పన్ను మీద తెల్ల మచ్చుంది. దీనిమీదా అలాంటిదే వేశాను. మా పెద్దాయన ఆవిడ పళ్ళ అచ్చు మీద పెట్టి చూసి, సొంత పన్నే అంటాడు."

"దానికంత ఇకిలించాలా?"

ఆమె అడుగులు వేగం చేసి ముందు నడిచింది.

కార్డుల గడువు దగ్గరపడింది. ఒక పొద్దున పోస్టు డబ్బాలో ఆమె పేరు మీద విదేశీయుల ఆఫీసు ఉత్తరం ఉంది. ఎనిమిదో రోజున రావాలని, యజమాని రాసిచ్చిన కాగితం తేవాలని దాని సారాంశం. ఆ మాత్రం చదవగలిగేంత భాష అతనికి వచ్చింది. సాయంత్రం ఇద్దామని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతూనే, "పింగాణీ పనంతా ఇక నా చేతికే ఇస్తారట. ఇద్దరికి నేర్పాలట," అంది.

"మంచిదేగా," అన్నాడు అతను. జేబులోకి వెళ్ళబోయిన చెయ్యి వెనక్కొచ్చింది.

మర్నాడూ ఇవ్వలేదు. ఆ తర్వాతా ఇవ్వలేదు. ఏం కావాలని దాచాడో అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. తననందరూ టైల్సాయన అని పిలిచే చోటికి తిరిగి వెళ్ళాలని ఒక ఘడియ అనిపించేది. ఆమె కూడా ఏమీ కాకుండా పోవాలని ఇంకో ఘడియ అనిపించేది.

ఆరోరోజున ఒక్కడే సలహాదారు దగ్గరికి వెళ్ళాడు.

"ఆమెతో పనిలేకుండా నా ఒక్కడికీ దారేదైనా ఉందా?"

సలహాదారు ఎందుకని అడగలేదు. "మీ కార్డు మీదే మీరు పని చేసుకోవచ్చు. ఆవిడతో ఐదేళ్ళు ఉంటే మీ సొంత పేరు మీద శాశ్వత అనుమతి అడగచ్చు. అంతకన్నా దగ్గర దారి లేదు. అన్నట్టు, ఆవిడకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందా? మీతోపాటు వచ్చినవాళ్ళందరికీ వచ్చాయి."

అతను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె తారీఖు చూసింది.

"ఎల్లుండే. ఆవిడ చూశారా?"

అతను కోటు గుండీ పెట్టుకున్నాడు.

"ఆ రోజు తప్పితే ఇద్దరి కార్డులూ చెల్లవు. మీరు పోగొట్టేది ఆవిడది ఒక్కటే కాదు," అంటూ ఆమె ఉత్తరం అతని చేతికిచ్చింది.

అతను మొదటిసారి ల్యాబు లోపలికి అడుగుపెట్టాడు. మిషన్ల రొద, ప్లాస్టరు దుమ్ము. భార్య చేతిలో కుంచె ఉంది. ఉత్తరం ఆమె ముందు పెట్టాడు.

"ఎప్పుడొచ్చింది?"

"ఆరు రోజులైంది."

ఆమె భూతద్దం తీసి పక్కన పెట్టింది. "ఎందుకు?"

"ఓర్వలేక," అన్నాడు. అంతకన్నా మర్యాదైన మాట దొరకలేదు.

ఆమె ఉత్తరం తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన సంగతేమిటని అడగకుండానే కాగితం రాసి సంతకం పెట్టాడు. ఆ పదినిమిషాలూ టైల్సాయన స్టూలు మీద కూర్చుని, అచ్చుల్లో వరసగా నవ్వుతున్న ఎవరెవరివో పళ్ళని చూస్తూ ఉన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె దారి మధ్యలో ఆగింది. "అప్పుడు మీరు మానమంటే మానేశాను. ఎందుకని అడగను కూడా లేదు. ఈసారి మానను. వెళ్ళిపోవాలనుంటే మీరు వెళ్ళండి. నేను రాను."

"వెళ్ళను," అన్నాడు.

ఆమె నెల రోజులు అతనితో అవసరమైనంతే మాట్లాడింది. పోస్టు డబ్బా తాళంచెవి తన సంచీలోనే వేసుకుంది. ఈసారి మూడేళ్ళు చెల్లే కొత్త కార్డులు వచ్చాయి. అతని దాని మీద మళ్ళీ అదే మాట ఉంది.

ఆ వారమే అతను ఇళ్ళల్లో టైల్స్ పరిచే మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఇరవయ్యేళ్ళు అమ్మాడే గాని ఒక్కటీ పరిచి ఎరగడు. మొదటి స్నానాలగదిలో మూల వంకరపోతే మేస్త్రీ ఊడబీకించి మళ్ళీ వేయించాడు. మోకాళ్ళు వాచాయి.

ఓర్వలేనితనం పోయిందని చెప్పలేం. ఒక సాయంత్రం సిమెంటు చేతులతో వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు:

"ఇవాళ మీ పెద్దాయన నిన్ను పొగిడాడా?"

"పొగిడాడు."

"నాకు కడుపు మండుతోంది."

"తెలుస్తూనే ఉంది," అందామె. "చేతులు కడుక్కుని రండి, తిందాం."