నడుమ బొక్కున్న వెలుతురు

బంగారు గనులు మూతబడిన పదిహేనేళ్లకు ఆండర్సన్‌పేట కాలేజీకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. వెలుతురు సంగతి తెలిసిన పెద్దమనిషి చూసి సంతకం పెడితేనే వాడాలని పైనుంచి ఉత్తరువు. ఊళ్లో అట్లాంటి మనిషి ఒక్కడే, శ్రీనివాసప్ప. గనిలో ముప్పై ఏళ్లు టోపీ దీపాలు పరీక్ష చేసి లోపలికి పంపినవాడు.

మైక్రోస్కోపు నడిపే జాయ్స్ దాని ఎర్ర వెలుతురును తెల్ల అట్ట మీద పడేట్టు చేసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ఉద్దివడ మాదిరి వలయం, నడుమ చీకటి.

"రిజెక్ట్," అన్నాడు.

"ఏంటికప్పా?"

"నడుమ బొక్క ఉండాది. ఇట్లాంటి దీపంతో దిగితే మనిషి కాలు యాడ పెడతాడమ్మా?"

"దీంతో ఎవరూ దిగరప్పా. మామిడాకులో తెగులు చూసేదానికి ఇది. రంగు పూసిన చుక్కల్ని ఇంకో వెలుతురు మెరిపిస్తాది. పక్కపక్కనుండే రెండు చుక్కలు కలిసిపోయి ఒకే మరకగా కనబడతాయి. ఈ వలయం వచ్చి చుట్టూ ఉండే మెరుపును ఆర్పేస్తే నడుమ సన్న చుక్కే మిగులుతాది. అట్లా ఒక్కోచోటే చూసుకుంటా పోతే రెండూ విడివిడిగా తేలతాయి."

"ఆర్పే వెలుతురా!" శ్రీనివాసప్ప కుర్చీ వెతుక్కున్నాడు. "గనిలో ఆ మాట అనుంటే నా ఉద్యోగం పోయుండేది. ఇంగ మాటలొద్దు. బొక్క పూడ్చు."

సంతకం ఆయన చేతిలో ఉంది. జాయ్స్ వలయాన్ని చేసే గాజుబిళ్లను పక్కకు తీసింది. అట్ట మీద నిండు ఎరుపు పడింది.

"చూడు, ఎంత లక్షణంగా ఉండాదో!" అని మురిసిపోతూ ఆయన పెన్ను తీశాడు. తీస్తూ, మామిడాకు బొమ్మ కనబడే తెర వైపు చూస్తే చుక్క లేదు, మరక లేదు, అంతా నలుపు.

"మామిడాకు యాడికి పోయిందమ్మా?"

"నడుమది కూడా ఆర్పేసినాం కదప్పా."

ఆయన పెన్ను మూసి, బిళ్లను మళ్లీ పెట్టమన్నాడు. తెర మీద చుక్కలు రెండూ వడ్లగింజల్లా వేరుపడ్డాయి. ఆయన కాగితం మీద ఇట్లా రాసి సంతకం పెట్టాడు: "బొక్క అవసరం. అయితే సరిగ్గా నడుమ ఉండవలెను."

బొక్క నడుమ ఉందో లేదో చూసేదానికి ప్రతి సోమవారం సైకిలెక్కి వచ్చేవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఆరో వారం అట్టకేసి చూసి, "ఎడమకు జరిగింది," అన్నాడు. కొలిస్తే నిజమే. వారం రోజులుగా బొమ్మలన్నీ మసకగా ఎందుకొస్తున్నాయో జాయ్స్‌కు అప్పుడు తెలిసింది. ఆమె వెలుతురును జరిపే అద్దం మర తిప్పుతుంటే ఆయన "ఇంగొంచెం... ఇంగొంచెం... ఆపు!" అని అరిచాడు.

కాలేజీవాళ్లు ఆయనకు గుర్తింపు కార్డు ఇచ్చారు. హోదా ఏం రాయాలో తోచక గుమాస్తా ఆయననే అడిగితే, ఆలోచించి "బొక్క ఇన్‌స్పెక్టర్" అని రాయించుకున్నాడు. భార్య చిన్నవెంకటమ్మ అది చదివి నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. ఆయన మాత్రం కార్డు మెడలో వేసుకునే బంగారుపేట సంతకు పోయి వచ్చాడు.